స్కూలుకి పదికి తొమ్మిది... మరి అమ్మమ్మకి?

అమెరికాలో హిస్పానిక్ కుటుంబాలు ఇల్లు మారాలనుకున్నప్పుడు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "పిల్లల్ని పెంచుకోడానికి బాగుండాలి, మనవాళ్లు కూడా గట్టిగా ఉండాలి. అలాంటి సబర్బ్ ఏదైనా చెప్తారా?" ప్రశ్న చిన్నదే. జవాబులు మాత్రం ఎక్కువగా రెండు దార్లలోనే వస్తాయి. "మంచి స్కూళ్లు కావాలంటే ఫలానా చోటికెళ్లండి, కాకపోతే అక్కడ మీవాళ్లు పెద్దగా కనపడరు" అనేది ఒకటి. "మీవాళ్లు కావాలంటే ఫలానా చోటుంది, స్కూళ్లే అంతంతమాత్రం" అనేది రెండోది. అంటే పిల్లల చదువు కావాలా, మనవాళ్లు కావాలా, ఏదో ఒకటి తేల్చుకోమని అర్థం.

ఈ బేరం దగ్గరే నాకు పేచీ. చదువూ మనవాళ్లూ ఒకేచోట దొరకరు అని తేల్చేస్తున్నవి జనం వాడే రెండు అంకెలు. స్కూలుకి పదికి ఎంత రేటింగ్ అనేది మొదటిది. జనాభాలో ఎంత శాతం అనేది రెండోది. ఈ రెండిటినీ కాసేపు పక్కన పెట్టి చూస్తే, ఆ కుటుంబానికి వేరే జవాబు దొరుకుతుందని నా నమ్మకం.

"హిస్పానిక్‌ల ఇంటి వేట మన మ్యాగజైన్‌లో ఎందుకు బాస్?" అని అడగొచ్చు. ఇర్వింగ్ ఉంది కాబట్టి. డాలస్‌ని ఆనుకుని ఉండే ఈ టెక్సాస్ ఊరి పేరు మన క్యాంపస్‌లో వినని వాళ్లు తక్కువ. రెండున్నర లక్షల జనాభా. అందులో ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు హిస్పానిక్‌లు. ఉత్తరాన వ్యాలీ రాంచ్, లాస్ కొలినాస్ వైపు మనోళ్లు, ఇండియన్ స్టోర్లు. దక్షిణాన మెక్సికన్ బేకరీలు, స్పానిష్ బోర్డులు. "అటు సైడ్ వద్దురా, స్కూళ్లు బాగోవు" అని సీనియర్ అన్నలు చెప్పే "అటు సైడ్" ఇదే. మరి అటు సైడ్ ఉండేవాళ్లు తమ పిల్లల కోసం ఏం వెతుక్కుంటారో తెలుసుకోవడం మనకి అనవసరమైన పనేం కాదు.

ముందు "హిస్పానిక్" అన్న మాట సంగతి చూద్దాం. ఉత్తరాదిలో మనల్నీ, తమిళుల్నీ, మలయాళీల్నీ కలిపి "మద్రాసీ" అనేస్తారు చూడండి, ఇదీ దాదాపు అలాంటిదే. 2020 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో హిస్పానిక్‌లు 6.21 కోట్ల మంది, అంటే దేశంలో దాదాపు 19 శాతం. సగానికి పైగా మెక్సికో మూలాలున్నవాళ్లు. ప్యూర్టోరికో వాళ్లు పుట్టుకతోనే అమెరికా పౌరులు, వాళ్లకి వీసా గొడవే లేదు. మయామీ పక్కనున్న హయాలియాలో నూటికి తొంభై మందికి పైగా హిస్పానిక్‌లే, అక్కడ క్యూబా వాళ్లది పైచేయి. అదే ఫ్లోరిడాలో కిసిమీ వెళ్తే ప్యూర్టోరికన్లు ఎక్కువ. వాషింగ్టన్ చుట్టుపక్కల సబర్బుల్లో ఎల్ సాల్వడోర్ వాళ్లు. భాష ఒకటే అయినా తిండి, యాస, పండగలు, ఓటు వేసే తీరు అన్నీ వేరు. కాబట్టి "మనవాళ్లు ఎక్కువున్న సబర్బ్" అన్నప్పుడు ఎవరు ఆ మనవాళ్లు అనేది ఆ కుటుంబమే ముందు తేల్చుకోవాలి.

ఇక మొదటి అంకె, స్కూలు రేటింగ్. మన ఎప్‌సెట్ కౌన్సెలింగ్ గుర్తు తెచ్చుకోండి. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు నిరుటి క్లోజింగ్ ర్యాంకు చూసి కాలేజీ మంచిదో కాదో తేల్చేశాం. ఆ అంకె చెప్పేది అక్కడ చేరినవాళ్ల ర్యాంకు గురించి. లోపల సార్లు ఎలా చెప్తారు, ల్యాబ్‌లో కిట్లు పనిచేస్తాయా, ఇవేవీ దాంట్లో ఉండవు. అమెరికా స్కూళ్ల రేటింగుల్లోనూ ఇదే తంతు. అవి ఎక్కువగా పరీక్షల మార్కుల మీద నడుస్తాయి. సగటు మార్కులు చాలావరకు ఆ పిల్లల ఇళ్ల ఆదాయాన్ని బట్టి పైకీ కిందికీ పోతుంటాయి. ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లలు ఎక్కువున్న బడికి ఆ సగటు తగ్గడంలో వింతేముంది?

స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ షాన్ రియర్డన్ ఇక్కడే ఒక మంచి పని చేశారు. దేశం మొత్తం మీద స్కూలు డిస్ట్రిక్టుల మార్కులు తీసుకుని, సగటు ఎంత అని చూడ్డంతో ఆగకుండా, మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతికి వెళ్లేలోగా పిల్లలు ఎంత ఎదిగారు అని కూడా లెక్క కట్టారు. 2009 నుంచి 2014 దాకా ఉన్న లెక్కల్లో చికాగో ప్రభుత్వ స్కూళ్ల పిల్లలు ఐదేళ్లలో ఆరేళ్ల చదువుకి సరిపడా ముందుకెళ్లారని తేలింది. ఆ స్కూళ్లలో అత్యధికులు నల్లజాతి, హిస్పానిక్ పిల్లలు, చాలామంది పేదవాళ్లు. సగటు రేటింగ్ చూసి ఉంటే ఎవరూ ఆ స్కూళ్ల గడప తొక్కరు. స్కూలు ఏం చేస్తోందో చెప్పేది ఎదుగుదల. రేటింగ్‌లో ఎక్కువగా కనపడేది, స్కూలుకి ఎవరు వస్తున్నారనేది.

ఇంకో తిరకాసు ఉంది. ఊరి సరిహద్దూ స్కూలు డిస్ట్రిక్టు సరిహద్దూ ఒకటి కావు. ఇర్వింగ్ ఊళ్లోనే ఇర్వింగ్, కొపెల్, క్యారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్ అని మూడు డిస్ట్రిక్టులున్నాయి. ఇర్వింగ్ డిస్ట్రిక్టులో నూటికి డెబ్బై మందికి పైగా హిస్పానిక్ పిల్లలు. మనవాళ్లు ఎగబడేది కొపెల్ డిస్ట్రిక్టులోకొచ్చే వీధుల కోసం. ఒక రోడ్డు దాటితే ఇంటి ధర మారిపోతుంది, "మంచి ఏరియా" అన్న మాటా మారిపోతుంది.

సరే, ఇల్లు చూపించే ఏజెంటునే అడిగేస్తే పోలా? పోదు. 1968లో వచ్చిన ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి కొనేవాళ్లని ఒక ఏరియా వైపు తోయడం చట్టవిరుద్ధం. 1988లో పిల్లలున్న కుటుంబాలకీ ఆ రక్షణ కలిపారు. అందుకే "ఇక్కడ హిస్పానిక్‌లు ఎక్కువున్నారా?", "ఇది ఫ్యామిలీలకి బాగుంటుందా?" అని అడిగితే బుద్ధిగా ఉండే ఏజెంటు నవ్వి, "మీరే వచ్చి చూసుకోండి" అంటారు. మన ప్రశ్నలో ఉన్న రెండు ముక్కలకీ ఆయన దగ్గర జవాబుండదన్నమాట. చాదస్తం అనిపించొచ్చు. కానీ ఆ చట్టం ఊరికే రాలేదు.

కాలిఫోర్నియాలో వెస్ట్‌మిన్‌స్టర్ అనే ఊరు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. మునెమిత్సు అనే జపనీస్ అమెరికన్ కుటుంబాన్ని ప్రభుత్వం నిర్బంధ శిబిరానికి తరలించింది. వాళ్ల పొలాన్ని గొన్సాలో, ఫెలిసితాస్ మెండెజ్ దంపతులు కౌలుకి తీసుకున్నారు. ఆయనది మెక్సికో, ఆవిడది ప్యూర్టోరికో. పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్చడానికి మేనత్త తీసుకెళ్లింది. ఆవిడ పిల్లలు కాస్త తెల్లగా ఉన్నారు కాబట్టి చేర్చుకుంటాం అన్నారు. మెండెజ్ పిల్లలు మాత్రం మెక్సికన్ల బడికి వెళ్లాలన్నారు. ఆవిడ తన పిల్లల్నీ చేర్చకుండా వెనక్కి తీసుకొచ్చేసింది. 1945లో గొన్సాలోతో పాటు మరో నలుగురు తండ్రులు, దాదాపు ఐదు వేల మంది పిల్లల తరఫున కోర్టుకెళ్లారు. 1946లో గెలిచారు, 1947లో అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. దేశమంతా స్కూళ్లలో జాతి విభజన చెల్లదన్న 1954 నాటి బ్రౌన్ తీర్పుకి ఏడేళ్ల ముందు మాట ఇది. ఆనాటి పాప సిల్వియా మెండెజ్‌కి 2011లో ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చారు.

ఈ కథలో నాకు కొట్టొచ్చినట్టు కనపడేది ఒకటే. మంచి బడి, మనవాళ్లు అన్నవాటిని వేరు చేసింది తల్లిదండ్రులు కాదు. బడి వాళ్లే వేరు చేసి, తర్వాత ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. ఇవాళ ఆ పని రేటింగ్ చేస్తోంది, మర్యాదగా.

ఇప్పుడు రెండో అంకె, శాతం. ఎక్కువమంది ఉంటే బలమైన సముదాయం అనుకుంటాం. మళ్లీ ఇర్వింగ్‌కే రండి. 2006-07లో అక్కడి పోలీసులు అరెస్టు చేసినవాళ్లని పెద్ద సంఖ్యలో వలస అధికారులకి అప్పగించారు. చిన్నాచితకా కేసుల్లో దొరికినవాళ్లూ అందులో ఉన్నారు. 2007లో డాలస్‌లోని మెక్సికో కాన్సల్ తమ దేశస్థుల్ని ఇర్వింగ్‌లో కారు నడపకుండా ఉంటే మంచిదని హెచ్చరించాల్సి వచ్చింది. అప్పటికే ఆ ఊళ్లో హిస్పానిక్‌లు దండిగా ఉన్నారు. ఉండి ఏం లాభం? పిల్లాణ్ని బడి దగ్గర దింపడానికి కారు తీయాలంటే భయపడే ఊరిని పిల్లలకి మంచి ఊరు అనగలమా?

2009లో ఒక ఫెడరల్ జడ్జి, ఇర్వింగ్ కౌన్సిల్‌కి ఊరంతా కలిపి ఓటేసే పద్ధతి వల్ల హిస్పానిక్‌ల ఓటు పలచబడిపోతోందని తీర్పిచ్చారు. ఆ తర్వాతే వార్డుల వారీ ఎన్నికలొచ్చాయి. దగ్గర్లోనే ఫార్మర్స్ బ్రాంచ్ అనే చిన్న ఊరిది ఇంకా ఘాటైన కథ. 2006లో అక్కడి కౌన్సిల్, కాగితాల్లేని వలసదారులకి అపార్ట్‌మెంట్లు అద్దెకివ్వకూడదని నిబంధన తెచ్చింది. 2007లో ఊరి జనం ఓటేసి మరీ సమర్థించారు. కేసు ఏళ్ల తరబడి నడిచింది, ఊరి ఖజానా నుంచి లక్షల డాలర్లు లాయర్లకి పోయాయి. 2013లో అప్పీలు కోర్టు కొట్టేసింది, 2014లో సుప్రీంకోర్టు వినడానికే ఒప్పుకోలేదు. ఇక్కడా కోర్టు చెప్పాక వార్డులొచ్చాయి. 2013లో అనా రేయెస్ కౌన్సిల్‌కి ఎన్నికయ్యారు, ఆ ఊరి కౌన్సిల్లో మొదటి హిస్పానిక్ సభ్యురాలు. జనం శాతం ఒక్క రాత్రిలో మారలేదు. కౌన్సిల్ బల్ల దగ్గర కుర్చీ దొరికింది, అంతే. బలం అంటే నాకు అర్థమైంది అదీ.

మరి ఆ కుటుంబం ఏం చూడాలి? ఒక మామూలు ఇల్లు ఊహించుకుందాం. నాన్న ఏసీలు రిపేరు చేస్తాడు, సొంత వ్యాను. అమ్మ డెంటల్ క్లినిక్‌లో పని. ఇద్దరు చిన్నపిల్లలు, స్పానిష్ తప్ప ఇంకో భాష రాని అమ్మమ్మ. నేనైతే వాళ్లకి ఈ నాలుగు చూడమంటాను.

మొదటిది, బడిలో భాష. టెక్సాస్ చట్టం ప్రకారం ఒక డిస్ట్రిక్టులో, ఒకే తరగతి స్థాయిలో, ఒకే ఇంటిభాష ఉండి ఇంగ్లిష్ ఇంకా పట్టుబడని పిల్లలు 20 మంది ఉంటే ప్రాథమిక బడుల్లో ద్విభాషా బోధన పెట్టాల్సిందే. కానీ అందులో రకాలున్నాయి. కొన్ని బళ్లలో స్పానిష్ కేవలం ఇంగ్లిష్‌లోకి దాటించే తాత్కాలిక వంతెన. కొన్నేళ్లకి తీసేస్తారు. కొన్నిచోట్ల స్పానిష్ ఇళ్ల పిల్లలు, ఇంగ్లిష్ ఇళ్ల పిల్లలు ఒకే క్లాసులో కూర్చుని రెండు భాషల్లోనూ లెక్కలు, సైన్సు చదువుతారు. రెండో రకం బడిలో ఆ పిల్లాడి ఇంటిభాష వాడికి లోటు కాదు, పక్కవాడికి సాయం చేసే ఆస్తి. కాలిఫోర్నియాలో 1998లో ఓటేసి ద్విభాషా చదువుని దాదాపు మూలకి నెట్టారు, 2016లో మళ్లీ ఓటేసి తిరిగి తెచ్చుకున్నారు. అంటే ఇది జనం తలచుకుంటే మారే సంగతి. "మీ బడిలో స్పానిష్ ఏ తరగతి దాకా ఉంటుంది?" అన్న ఒక్క ప్రశ్న పదికి తొమ్మిది అన్న అంకె కంటే ఎక్కువ చెప్తుంది.

రెండోది, అమ్మమ్మ ఒంటరిగా బతకగలదా? చాలా సబర్బుల్లో కారు లేకపోతే ఇల్లే జైలు. డాలస్, ఫోర్ట్ వర్త్ మధ్యనున్న ఆర్లింగ్టన్‌లో దాదాపు నాలుగు లక్షల మంది ఉన్నా మామూలు రూటు బస్సులే లేవు. స్పానిష్ మాట్లాడే డాక్టరు, నడిచెళ్లే దూరంలో కిరాణా కొట్టు, ఆదివారం స్పానిష్‌లో పూజ జరిగే చర్చి ఉంటే ఆవిడ మనిషిలా తిరుగుతుంది. లేకపోతే టీవీ ముందు కూర్చుని కూతురు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తుంది. పిల్లలకి భాష అబ్బేది కూడా ఆవిడ దగ్గరే. వలస కుటుంబాల్లో మూడో తరానికొచ్చేసరికి భాష ఇంట్లోంచి జారిపోవడం అమెరికాలో అందరికీ తెలిసిన కథే.

మూడోది, ఇంటి చుట్టూ ఉన్న రూల్సు. టెక్సాస్‌లో చాలా కొత్త కాలనీలకి ఓనర్ల సంఘాలుంటాయి. పనిచేసే వ్యాను ఇంటి ముందు పెట్టకూడదు, అదీ ఇదీ అని వాటిల్లో కొన్ని పట్టుబడతాయి. నాన్న బతుకుతెరువే ఆ వ్యాను. అలాంటి కాలనీ ఫొటోల్లో ఎంత ముద్దుగా ఉన్నా ఆ ఇంటికి పనికిరాదు. మరోవైపు కాలిఫోర్నియా 2017 నుంచి పెరట్లో ఇంకో చిన్న ఇల్లు కట్టుకోవడం సులువు చేస్తూ చట్టాలు తెచ్చింది. అమ్మమ్మకి సొంత గది, సొంత తలుపు.

నాలుగోది, ఇందాక చెప్పిన కుర్చీ. కౌన్సిల్లో, స్కూలు బోర్డులో ఎవరున్నారు, సమావేశంలో స్పానిష్‌లో మాట్లాడితే అనువాదం చేసే మనిషి ఉంటారా అనేది.

వీటిలో కొన్ని కూర్చున్న చోటే చూసుకోవచ్చు. అమెరికా సెన్సస్ వాళ్ల వార్షిక సర్వే లెక్కలు ఉచితం. ఊరి స్థాయిలో ఆగకుండా నాలుగు వేల మంది చొప్పున ఉండే చిన్న ట్రాక్టుల దాకా వెళ్లి, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, సొంతిళ్లెన్ని, అద్దెలెన్ని అని చూడొచ్చు. మిగతావి ఆదివారం పొద్దున్న పార్కుకి వెళ్తేనే తెలుస్తాయి.

ఇవన్నీ ఒకేచోట కుదురుతాయా అని అనుమానమొస్తే, లాస్ ఏంజెలిస్ పక్కన డౌనీ చూడండి. మన ఇంజినీరింగ్ వాళ్లకి ఆ ఊరు ఇంకోలా తెలియాలి. అపోలో కమాండ్ మాడ్యూళ్లు తయారైంది అక్కడి ఫ్యాక్టరీలోనే. 1999లో ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు ఆ ఊళ్లో లక్షకి పైగా జనం, నాలుగింట మూడొంతుల మంది హిస్పానిక్‌లు. డాక్టర్లు, వ్యాపారులు, టీచర్లు సొంతిళ్లు కొనుక్కుని స్థిరపడ్డారు. "మెక్సికన్ బెవర్లీ హిల్స్" అని ముద్దుపేరు కూడా ఉంది. హిస్పానిక్‌లు ఎక్కువైతే ఊరు పడిపోతుందనే వాళ్లు ఈ ఊరిని ఎలా వివరిస్తారో వినాలనుంది.

దీనికి రెండు గట్టి ఎదురు వాదనలున్నాయి. ఒకటి, మనవాళ్ల మధ్యే పెరిగితే పిల్లలు బావిలో కప్పలవుతారని. నిజమే, గోడలు కట్టుకుంటే అవుతారు. కానీ రెండు భాషల బడి గోడ కాదు, అందులో రెండు వైపుల పిల్లలూ ఉంటారు. పైగా అన్నీ తెల్లవాళ్ల ఇళ్లే ఉన్న సబర్బ్‌లో పెరిగిన పిల్లాణ్ని బావిలో కప్ప అని ఎవరూ అనరెందుకో! రెండోది, డబ్బు. డౌనీలో ఇల్లు కొనడం ఏసీ మెకానిక్‌కి తేలిక కాదు, ఒప్పుకుంటాను. ఎంచుకునే అవకాశం అందరికీ సమానంగా లేదు. సరిగ్గా అందుకే, ఉన్న కాస్త డబ్బునీ ఒక తప్పుడు అంకె వెనకాల పోసేయకూడదు. రేటింగ్‌లో రెండు పాయింట్ల కోసం అప్పు పెంచుకుని, అమ్మమ్మని పాత ఊళ్లోనే వదిలేసే ఇళ్లుంటాయి. ఆ నష్టం ఏ వెబ్‌సైటులోనూ కనపడదు.

ఇక మన సంగతి. దోశ హోటలుకీ గుడికీ దగ్గరగా అపార్ట్‌మెంట్ చూసుకునే మనమే, పక్కింటి మెక్సికన్ కుటుంబం బేకరీకీ చర్చికీ దగ్గరగా ఉంటే "కలవరు వీళ్లు" అంటాం. అమ్మానాన్నల్ని ఆరు నెలలు తీసుకెళ్లి, మూడో వారానికే "ఇక్కడ మాట్లాడే దిక్కు లేదురా" అనిపించుకునేదీ మనమే. ఆ అమ్మమ్మకి కావాల్సినవీ మన అమ్మకి కావాల్సినవీ పెద్ద తేడా ఏం లేవు. పేర్లే వేరు.

ఈ ఫాల్‌కి వెళ్తున్న ఫైనలియర్ అన్నలూ అక్కలూ, మీకో చిన్న విన్నపం. రూమ్ వెతికేటప్పుడు ఎవరైనా "అటు సైడ్ వద్దు" అంటే, "నువ్వు అటు ఎప్పుడెళ్లావ్? ఏం చూశావ్?" అని అడగండి. సమాధానంగా రేటింగ్ స్క్రీన్‌షాట్ వస్తే, ఒక ఆదివారం పొద్దున్నే బస్సెక్కి మీరే వెళ్లి చూసి రండి. బేకరీలో వేడివేడి కొంచా తిని, మా వాట్సాప్ గ్రూపులో ఏం చూశారో రాయండి. తర్వాతి బ్యాచ్‌కి స్క్రీన్‌షాట్ కంటే అది పనికొస్తుంది.